ఎనిమిది వందల్లో పట్టని నాన్న

"వ్యాసం ఎనిమిది వందల మాటలకు మించరాదు." వర్లిలోని ఆ అనువాదాల ఆఫీసు వాళ్ల ప్రకటనలో ఉన్నది ఇంతే. ఏ మాటలు, వాటిని ఎలా లెక్కపెట్టాలి అన్నది ఎక్కడా లేదు. ఇప్పటికీ ఆ వాక్యం గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది. మనుషుల బతుకులు మారిపోయే ప్రకటన రాస్తూ, ఇంకొక్క వాక్యం రాయడానికి వాళ్లకేం పోయింది?

నేను ఫాక్‌లాండ్ రోడ్డు మీద కుట్టుమిషన్ల సామాను అమ్మే దుకాణంలో పని చేస్తాను. సరుకంతా చైనా నుంచి వస్తుంది. పెట్టెల మీద, రశీదుల మీద, మిషన్లతో వచ్చే కాగితాల మీద చైనీసూ ఇంగ్లీషూ కలిసిపోయి ఉంటాయి. మా సేఠ్‌కి చైనీసు ఒక్క ముక్క రాదు. అందుకే నేను దాదర్‌లో సాయంత్రం క్లాసుకు వెళ్లి నేర్చుకున్నాను. క్లాసున్న రోజు కూడా ఆయన నన్ను ముందుగా వదిలింది లేదు. పరుగెత్తుకుంటూ వెళ్లి వెనక బెంచీలో కూర్చునేదాన్ని. ఇన్నేళ్లుగా ఆ కాగితాలన్నీ చదివి పెడుతున్నా దుకాణంలో నన్ను టైపిస్టు అనే అంటారు. నేను టైపు చేసేది ఏ భాషో అక్కడ ఒక్కరూ అడగలేదు.

కాబట్టి వర్లి ఆఫీసులో చైనీసు అనువాదకురాలి ఉద్యోగం ఒకటి ఖాళీ ఉందని తెలిసినప్పుడు అది నాదే అనుకున్నాను. అలా అనుకోవడంలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. దరఖాస్తు ఇవ్వడానికి వెళ్తే కింద కుర్చీలో కూర్చున్న మనిషి నా చెప్పుల వంక చూసి, "సాఫ్ సఫాయీవాళ్లు వెనక గేటు నుంచి" అన్నాడు. దరఖాస్తులో చిరునామా చూసిన పైఅంతస్తు అమ్మాయి, "కామాఠిపురానా? ముంబయి సెంట్రల్ అని రాయకూడదా?" అంది, నాకేదో మేలు చేస్తున్నట్టు. కామాఠిపురా అంటే ఊరికి ఒళ్లమ్ముకునేవాళ్ల వీధులే గుర్తొస్తాయి కాబట్టి మా వాళ్లలో చాలామంది అలాగే రాస్తారు. నేను రాయలేదు. మా తాతలు పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరి గోడలు కట్టారు. ఆ పేరు మా వాళ్ల వల్లే, కామాఠీల వల్లే వచ్చింది. దాన్ని దాచుకోవాల్సిన అవసరం నాకు లేదు.

వాళ్లు పెట్టిన పరీక్ష ఒక వ్యాసం. 'నేను ఉండే వీధి' గురించి చైనీసులో రాయాలి. ఊరి పేర్లు, వస్తువుల పేర్లు ఇంగ్లీషులో ఉండవచ్చు. ఆఫీసు వాళ్ల వెబ్‌సైటులో ఒక పెట్టె ఇచ్చారు. వ్యాసాన్ని అందులో పెట్టి పంపాలి.

అదే ఉద్యోగానికి మా ఎదురు ఖోలీ అమ్మాయి కూడా దరఖాస్తు పెట్టింది. మా చాల్‌లో ఒక్కో ఇంటికి ఒక్కో ఖోలీ, అంటే ఒకే గది; మా గది తలుపు తీస్తే వరండా, వరండాకు అవతల వాళ్ల తలుపు. నాకంటే పదేళ్లు చిన్నది. కాలేజీ అయ్యాక ఏం చేయాలో తెలియక తిరుగుతుంటే దాదర్ క్లాసుకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది నేనే. మొదటి అక్షరాలు మా వంటగట్టు మీద పిండి చల్లి నేర్పాను. ఈ మాట ఎవరూ ఎత్తరు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఇక్కడ లెక్క సంగతి చెప్పాలి. చైనీసులో మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలరు. అక్షరాలన్నీ ఒకే కొలత గదుల్లో కూర్చున్నట్టు పక్కపక్కనే వస్తాయి. ఒక్కోసారి ఒక్క అక్షరమే ఒక మాట, ఎక్కువసార్లు రెండు కలిస్తే ఒక మాట. మాట ఎక్కడ ముగిసిందో చదివేవాళ్లకు తెలుస్తుంది గానీ కాగితం మీద గుర్తేమీ ఉండదు. అందుకే వాళ్లు వ్యాసం పొడవును అక్షరాలతో కొలుస్తారు. మా టీచరు గళ్ల కాగితం ఇచ్చి రాయించేది. గడికో అక్షరం. చుక్కకూ కామాకూ కూడా ఒక్కో గడి. మధ్యలో ఇంగ్లీషు మాట వస్తే, అది ఎంత పొడుగున్నా ఒకటి. నాకు నేర్పిన లెక్క ఇది. నేను నేర్చుకున్న పద్ధతిని మధ్యలో వదిలే మనిషిని కాను.

ఆ లెక్కన నా వ్యాసం మొదటిసారి రాసినప్పుడు ఎనిమిది వందలు దాటి చాలా దూరం పోయింది. అప్పుడు కోయడం మొదలుపెట్టాను. కామాఠిపురా అని చైనీసులో రాస్తే ఐదు అక్షరాలవుతుంది, ఇంగ్లీషులో రాస్తే ఒకటే. కాబట్టి వీధుల పేర్లు, దుకాణాల పేర్లు, మిషన్ల పేర్లు అన్నీ ఇంగ్లీషులోకి మార్చాను. జరీ పనివాళ్ల గురించి రాసిన వాక్యాల్లో వర్ణనలు తీసేశాను. గల్లీ చివర ఇరానీ హోటలు పోయింది. వానాకాలం సగం పోయింది. ఇంకా ఎక్కువే ఉంది.

మిగిలినదాంట్లో పెద్ద పేరా మా నాన్నది. ఆయన తాపీ మేస్త్రీ. జీవితమంతా వేరేవాళ్ల బిల్డింగులకు ప్లాస్టరింగ్ చేశాడు. వానాకాలం వస్తే మా చాల్ పైకప్పులు పెళ్లలు పెళ్లలుగా రాలతాయి. పని నుంచి వచ్చాక నాన్న స్టూలెక్కి, ఎవరి గదిలో పెళ్ల ఊడితే అక్కడ అతుకు వేసేవాడు. ఆఖరున అతుకు అంచు చుట్టూ బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చేవాడు. తాపీతో నున్నగా చేయవచ్చు కదా అని ఎవరైనా అంటే వినేవాడు కాదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ వేలి గుర్తులు మాత్రం మా చాల్‌లో ప్రతి గదిలో ఉన్నాయి.

ఆ పేరా తీసేస్తే లెక్క సరిగ్గా సరిపోయింది. తీసేశాను.

వ్యాసాన్ని వెబ్‌సైటు పెట్టెలో పెట్టినప్పుడు కింద ఒక అంకె కనిపించింది. మాటలు ఎన్నో చూపించే అంకె. నా ఎనిమిది వందలకు అది రెండు వందలు కూడా చూపించలేదు. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. ఆ యంత్రం ఖాళీలను చూసి లెక్కపెడుతోంది. చైనీసులో ఖాళీలు లేవు కాబట్టి ఎంత పొడుగు వాక్యమైనా దానికి ఒకే మాట. ఇంగ్లీషు పేర్లకు అటూ ఇటూ ఖాళీలు ఉంటాయి కాబట్టి అది చూపించిన అంకెలో సగం ఆ పేర్లదే. యంత్రం తప్పు లెక్కపెడితే నాకేం, చదివేది మనుషులు కదా, చైనీసు తెలిసినవాళ్లు కదా అనుకుని పంపేశాను.

ఉద్యోగం ఎదురింటి అమ్మాయికి వచ్చింది.

నాకు వచ్చిన జవాబులో రెండు వాక్యాలున్నాయి. 'మీ భాష శుద్ధంగా ఉంది. కానీ విషయం పలుచగా ఉంది, ఇంగ్లీషు మాటలు మరీ ఎక్కువ వాడారు.' పలుచగా! కోసింది ఎవరి కోసం? ఇంగ్లీషు వాడింది ఎందుకు?

ఆ అమ్మాయే సంబరంగా వచ్చి తన వ్యాసం నా ఫోనుకు పంపింది. చూద్దును కదా, వేలితో తోస్తుంటే కిందికి పోతూనే ఉంది. మా టీచరు లెక్కన ఎనిమిది వందలకు మూడు రెట్ల పైనే. పూర్తిగా చదవలేదు. పొడవు చూసి ఫోను పక్కన పడేశాను.

నేను అరిచేదాన్ని కాదు. మా అమ్మ అరుస్తుంది. మర్నాడు పొద్దున నళ్ దగ్గర, అంటే నీళ్ల కుళాయి దగ్గర, హండాల వరసలో నిలబడి ఆమె అందరికీ వినిపించేలా చెప్పింది.

"మా పొల్ల అదుపుల రాసింది, ఆగమైంది. అడ్డగోలుగ రాసినోళ్లకు నౌక్రీ దొరికింది."

అమ్మాయి తల్లి వెనకే ఉంది. "ఎవల్ని అంటున్నవ్ వదినె? ముక్కు సూటిగ అను."

"అనేదేముంది? ఉన్నదే అంటున్న."

"నీ బిడ్డకు రాకపోతే నా బిడ్డ మీద కండ్లెందుకు పెడ్తవ్? పదేండ్ల సంది చదువుతున్నది, ఏం లాభం?"

"నీ బిడ్డకు గా క్లాసు తొవ్వ చూపించిందెవలే? జర చెప్పు, నళ్ కాడ అందరు ఇంటరు."

హండాలు నిండి పొర్లుతున్నా ఎవరూ తీయలేదు. నీళ్లు ఆగిపోయే వేళకు ఇద్దరూ చెరో ఖాళీ బిందెతో ఇంటికొచ్చారు. రెండు ఖోలీల మధ్య గొడవ పుడితే మా చాల్‌లో ఆదివారం పంచ్‌లు, అంటే చాల్ పెద్దలు, కూర్చుంటారు. కింది అంతస్తులో గణపతిని పెట్టే గదిలో. సరే, కూర్చోనీ అన్నాను. నాకు న్యాయం కావాలి. ఎవరు చెప్తే ఏం?

పంచ్‌లలో పెద్దాయన మునిసిపాలిటీలో పని చేసి దిగిపోయినవాడు. చాల్ మొత్తం ఆయన్ను తాత అంటుంది.

"ఏంది లొల్లి? నీళ్ల మీదనా, బట్టల తాడు మీదనా?"

"మాటల మీద తాతా," అన్నాను.

"ఎవలేమన్నరు?"

"అన్న మాటలు గాదు. రాసిన మాటలు. ఎనిమిది నూర్లు దాటొద్దన్నరు. గామె దాటింది."

వెనక నుంచి ఎవరో, "ఎక్కువ రాస్తె ఎక్కువ మార్కులేనాయె" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వినవాళ్లలో మూడో అంతస్తు దర్జీ ఉన్నాడు. ఆయన కూతురి కాలేజీ ఫారాలు నింపిపెట్టింది నేనే.

నేను రెండు వ్యాసాలూ అచ్చు తీయించి తీసుకెళ్లాను. దర్జీయే పంచ్‌లలో రెండోవాడు. లెక్క తానే తేలుస్తానని అగ్గిపెట్టె తీసి, నా కాగితం మీద అక్షరానికో పుల్ల పెట్టడం మొదలుపెట్టాడు.

"గిదొకటా?"

"ఒకటి."

"గీ మంచం తీర్గ ఉన్నది?"

"అదొకటి."

"మరి గీ పొడుగుది?"

"అది ఇంగ్లీషు. మొత్తం గలిపి ఒకటే."

"అరే, గిదేం లెక్కనే! గింజంత దానికి ఒకటి, గీ మూరెడు దానికి గూడ ఒకటేనా?"

"రేషన్‌కారడుల లేదా మామా?" అంది ఒక ఆడమనిషి. "పాలు తాగే పోరనికి ఒక యూనిటు, మీ అత్తకు ఒక యూనిటు."

మళ్లీ నవ్వులు. అగ్గిపుల్లలు ఒక వరస కూడా పూర్తి కాకుండానే అయిపోయాయి. దర్జీ ఆ అమ్మాయి కాగితం తీసుకుని, ఖాళీలున్న చోటల్లా గీత గీసి లెక్కపెట్టి, "గీమెదే తక్కువున్నట్టుంది గదా" అన్నాడు. సరిగ్గా ఆ యంత్రం చేసిన పనే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. చైనీసు తెలిసిన ఆఫీసుకూ ఈ దర్జీకీ తేడా ఏమిటి?

అమ్మాయి అప్పటిదాకా తల వంచుకునే ఉంది. మాట్లాడితే ముందు మరాఠీ వస్తుంది దానికి.

"అక్కా, మలా ఖరంచ్ మాహిత్ నవ్హతం. నాకు నిజంగనే తెల్వది. గాడ కింద నంబరు వస్తుండె. ఎనిమిది నూర్లు గాలేదు. అందుకే రాసుకుంట పోయిన."

"క్లాసుల గళ్ల కాగితం మీద రాసినం గదా? గప్పుడెట్ల లెక్కవెట్టినం?"

"గది క్లాసు అక్కా. గిది ఆఫీసు. ఆఫీసు ఏ లెక్క వెడితే గదే లెక్క అనుకున్న."

దీనికి నా దగ్గర జవాబు లేదని కాదు. చాలా ఉన్నాయి. చెప్పేలోపే తాత చెయ్యెత్తాడు.

"లెక్క మాతోని గాదు. చదువుండ్రి, ఇందాం. తెలుగుల చెప్పుకుంట చదువుండ్రి."

నేను ముందు చదివాను. కోసి కోసి మిగిలిన వ్యాసం తెలుగులో చెబితే త్వరగా అయిపోయింది. ఎవరో దగ్గారు. తర్వాత ఆ అమ్మాయి చదివింది. తెలుగు సగం, మరాఠీ సగం. గల్లీ, జరీ పనివాళ్లు, ఇరానీ హోటలు, మా గణపతి, వానాకాలం. నేను తీసేసినవన్నీ ఒక్కొక్కటే వస్తున్నాయి. పెద్దవాళ్లు తలలూపుతున్నారు. తర్వాత ఇది వచ్చింది.

"మా ఖోలీల నేను పండుకునే జాగకు మీద ఒక అతుకు ఉన్నది. ఎదురు ఖోలీ అక్క వాళ్ల నాయిన ఏసిండు. వానల సుట్టుముట్టు అంత కారుతది, గాడ కారది. దాని అంచుకు ఆయన బొటనేలి గుర్తులున్నయ్. నిద్ర రానప్పుడు గా గుర్తుల మీదికెల్లి కండ్లతోని నడుసుకుంట పోతుంటి. ఒక సుట్టు తిరిగొచ్చేసరికి నిద్ర వట్టేది."

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ తలెత్తి పైకి చూశారు. ఆ గదిలో కూడా ఒక అతుకు ఉంది.

నాకు వచ్చింది కన్నీళ్లు కాదు, కోపం. ఆయన నా నాన్న. నియమం ఒప్పుకోదని నా చేత్తో నేను ఆయన్ని తీసేశాను. నియమం చదవని అమ్మాయి ఆయన్ని తన వ్యాసంలో కూర్చోబెట్టుకుంది. బాగా కూర్చోబెట్టింది, అది ఇంకా కోపం. మా నాన్నను చూసి ఆఫీసువాళ్లు దానికి ఉద్యోగం ఇచ్చారు. నాకు 'పలుచగా ఉంది' అని రాశారు. ఈ లెక్క ఎవరి దగ్గర తేల్చుకోవాలి?

"ఇంక ఇడిసిపెట్టు బిడ్డా," అన్నాడు తాత. "మనోళ్ల పిల్లకే వచ్చింది గదా. బయటోళ్లకు పోలే."

"నేను గూడ మనోళ్ల పిల్లనే తాతా."

నేను ఆఫీసుకు ఫిర్యాదు రాస్తానన్నాను. అప్పుడు దర్జీ చాల్ రివాజు గుర్తు చేశాడు. ఎప్పుడో మా చిన్నప్పుడు ఇంటి ఓనరు మనిషి, పక్కపక్క గదులవాళ్లు ఒకరి మీద ఒకరు రాసిచ్చిన కాగితాలు వాళ్లకే చూపించి కొట్లాట పెట్టాడు. ఎవరి గదీ బాగు చేయలేదు. అప్పటి నుంచి మా చాల్‌లో ఒకటి నడుస్తోంది. చాల్ మనిషి మీద బయటికి పోయే ఏ కాగితం మీదైనా ఎదుటి మనిషి సంతకం కూడా ఉండాలి. 'నా మీద ఈ కాగితం పోతున్నదని నాకు తెలుసు' అన్నట్టు. సంతకం లేకుండా పంపినవాళ్ల ఇంట్లో పెళ్లికీ చావుకూ చాల్ రాదు. ఈ రివాజు వల్ల ఎన్ని ఫిర్యాదులు చచ్చిపోయాయో నాకు తెలుసు. మా గోడకు చెమ్మ పట్టిందని పక్క గదివాళ్ల మోరీ మీద నేను రాసిన కాగితం ఇలాగే పోయింది. తన మీద రాసిన కాగితానికి ఎవరు సంతకం పెడతారు?

"దస్తకత్ దొరికితే పంపుకో," అన్నాడు దర్జీ. దొరకదని ఆయన ధైర్యం.

అక్కడే కూర్చుని రాశాను. 'మాటలు అందరికీ ఒకే రకంగా లెక్కపెట్టలేదు. నేను చైనీసు అక్షరం ఒకటి, ఇంగ్లీషు మాట ఒకటి చొప్పున లెక్కపెట్టి కోసుకున్నాను. ఎంపికైనవారి వ్యాసాన్ని ఖాళీల చొప్పున లెక్కపెట్టారు. రెంటినీ ఒకే లెక్కన కొలవండి.' ఇంతే. ఆ అమ్మాయిని ఒక్క మాట అనలేదు.

కాగితం దాని ముందు పెట్టాను. చదివింది. తల్లి దాని మణికట్టు పట్టుకుంది.

"వెట్టకు. నోటికాడి బువ్వ ఎవలన్న కింద పడేసుకుంటరా?"

"సోడ్ ఆయీ," అని చెయ్యి విడిపించుకుని, క్యారమ్ బోర్డు మీద కాగితం ఆనించి సంతకం పెట్టింది. పెట్టి నా వైపు చూసి, "అక్క చెప్పింది సరిగ్గనే ఉన్నది" అంది.

నా కోపాల్లో అదొకటి చేరింది. అది సంతకం పెట్టనంటే నేను ఇంకో రకంగా ఉండేదాన్ని. గట్టిగా పోట్లాడేదాన్ని. సంతకం పెట్టేసి నా ఫిర్యాదులో సగం బలం అదే తీసేసుకుంది.

కాగితం ఆఫీసుకు పంపాక కొన్నాళ్లకు ఎంపికలు చూసే మేడమ్ ఫోను చేసింది. "ఫిర్యాదు కింద ఆమె సంతకం ఎందుకుంది? మీరిద్దరూ స్నేహితులా?" అని అడిగింది.

"కాదు. ఎదురెదురు ఖోలీలు," అన్నాను.

ఇద్దరికీ మళ్లీ పరీక్ష పెడతామని, ఈసారి ఆఫీసులోనే, తన ఎదుటే అని చెప్పింది. అప్పటిదాకా ఆ అమ్మాయిని ఉద్యోగంలో చేర్చుకోబోమని కూడా చెప్పింది. నేను గెలిచాను అనుకున్నాను. వరండాలో ఆ అమ్మాయి తల్లి నా మీదుగా చూపు పోనిచ్చి గోడతో మాట్లాడింది. "కొందరికి తమకు రాకున్న సరే, ఎదుటోళ్లది పోవాలె." మా అమ్మ ఈసారి తలుపు దగ్గరికేసి లోపలికి వచ్చేసింది. అది నాకు ఎక్కువ గుచ్చుకుంది.

పరీక్ష రోజు ఇద్దరం ఒకే బస్సు ఎక్కాం. వేరే బస్సు కోసం ఆగితే ఆలస్యమవుతుంది. అది ముందు సీట్లో, నేను రెండు సీట్ల వెనక. దిగే ముందు వెనక్కి తిరిగి, "అక్కా, పెన్ను ఉన్నదా?" అని అడిగింది. నా దగ్గర రెండున్నాయి. ఒకటిచ్చాను. థ్యాంక్స్ చెప్పబోతే కిటికీ వైపు తిరిగాను.

ఆఫీసు గదిలో గోడ మీద కొత్త కాగితం అతికించి ఉంది. 'చైనీసు అక్షరం ఒకటి. ఇంగ్లీషు మాట ఒకటి. చుక్కలు, కామాలు లెక్కలోకి రావు.' మొదటి రెండూ నా ఫిర్యాదులోని వాక్యాలే. నా పేరు లేదు, ఉండదని తెలుసు. కానీ మూడోదాన్ని రెండుసార్లు చదివాను. చుక్కలూ కామాలూ లెక్కలోకి రావట. నేను ఒక్కొక్క చుక్కనూ లెక్కపెట్టాను. వాటి చోటు కలుపుకుంటే మొదటి వ్యాసంలో నాన్న పేరాలో సగమైనా పట్టేది. మా టీచరుకు ఈ సంగతి ఒకరోజు తప్పకుండా చెబుతాను.

పరీక్ష వ్యాసం కాదు. ఎంబ్రాయిడరీ మిషన్‌తో వచ్చే చైనీసు, ఇంగ్లీషు కలిసిన పుస్తకం ఇచ్చి, మిషన్ నడిపేవాళ్లు గోడకు అంటించుకునేందుకు అందులోంచి కొద్దిపాటి సూచనలు రెండు భాషల్లోనూ రాయమన్నారు. రెండు వందలకు మించకూడదు. ఇది నా రోజువారీ పని. ఇలాంటి పుస్తకాలు నా చేతి మీదుగా ఎన్ని పోయాయో. సూది మార్చడం, నూనె వేయడం, దారం తెగితే ఏం చేయాలి, కరెంటు పోతే ఏం చేయాలి, అన్నీ ఇరికించాను. రెండు వందలకు ఒక్కటి తక్కువ. నా కోత ఎప్పుడూ సరిగ్గా ఉంటుంది.

మధ్యాహ్నం మేడమ్ మమ్మల్ని పిలిచి రెండు కాగితాలూ బల్ల మీద పెట్టింది. నాతో, "మీరే లెక్కపెట్టుకోండి" అంది. ఎగతాళి కాదనుకుంటాను. ఆ అమ్మాయి కాగితం తీసుకుని వేలు పెట్టి మొదటి నుంచి లెక్కపెట్టాను. ఎక్కువ కాదు. సగం దాకా మాత్రమే వాడుకుంది. మళ్లీ లెక్కపెట్టాను. అంతే.

తర్వాత చదివాను. పైన ఒకే వాక్యం, చైనీసులో, కింద ఇంగ్లీషులో: 'చెయ్యి పెట్టే ముందు మిషన్ ఆపు.' దాని కింద చోటు వదిలింది. తర్వాత చిన్న చిన్న వాక్యాలు మూడో నాలుగో. నూనె సంగతి లేదు, కరెంటు సంగతి లేదు. మా గల్లీలో పన్నెండు సూదుల మిషన్ ముందు నిలబడే మనిషి తలెత్తి చూస్తే ముందు కనపడాల్సింది ఆ ఒక్క వాక్యమే. నా కాగితంలో అదే మాట ఏడో వరసలో ఉంది. చైనీసులో తప్పు కోసం వెతికాను. చాలాసేపు వెతికాను. మేడమ్ తొందరపెట్టలేదు.

"ఏమైనా చెప్పాలా?" అని అడిగింది.

"లేదు," అన్నాను.

అమ్మాయి నా ముఖం వంకే చూస్తోంది. దాని చేతిలో నా పెన్ను అటూ ఇటూ తిరుగుతోంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"ఏమైంది?"

"ఆమెకే వచ్చింది."

"మల్ల లెక్క తప్పిండ్రా?"

"లేదు. ఈసారి లెక్క సరిగ్గనే వెట్టిండ్రు."

"రూలు తప్పిండ్రా?"

"లేదమ్మా."

చాటలో బియ్యం ఒకసారి ఎగరేసి పట్టుకుంది. "మరి ఇప్పుడు ఎవల మీద కోపం నీకు?"

చెప్పులు విప్పుతూ ఒక్కొక్కరినే తలచుకున్నాను. గేటు దగ్గరి మనిషి. చిరునామా మార్చమన్న అమ్మాయి. సేఠ్. టీచరు. నవ్విన దర్జీ. వాళ్లు చేసినవన్నీ చేసినవే, ఒక్కటీ మర్చిపోలేదు, మర్చిపోను. కానీ ఆ ఉద్యోగం పోయింది వాళ్లెవరి వల్లా కాదు. అంతకు ముందు ఏది పోయినా, పోగొట్టినవాళ్లు ఫలానా అని నాకు తెలిసేది. ఈసారి ఎవరూ దొరకలేదు. గడప మీద చాలాసేపు ఊరికే కూర్చున్నాను.